రెండు పనసగుడలు

నేను అరకులో ఉద్యోగానికి చేరింది తొంభై ఏడు జూన్‌లో. బీకాం అయ్యాక శృంగవరపుకోటలో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేశాను. మా నాన్నకి అరకు బజారులో కిరాణా కొట్టుండేది. ఆ కొట్టుకి నాలుగిళ్ళ అవతల, రేకుల కప్పున్న ఇంట్లో, మలేరియా మీద పరిశోధన చేసే ఒక సంస్థ చిన్న ఆఫీసు పెట్టింది. "కంప్యూటర్లోకి చీటీలెక్కించడానికి మనిషి కావాలంట, ఓసారి వెళ్ళి కనుక్కో" అన్నాడు నాన్న. వెళ్ళాను. మర్నాటినుంచే రమ్మన్నారు.

చూడ్డానికి చిన్న పనే. మా ఫీల్డు వర్కర్లు కొండల్లో ఊరూరూ తిరుగుతారు. జ్వరమున్న మనిషి వేలు పొడిచి, గాజు పలక మీద ఒక రక్తపు చుక్క తీసి, ఒక చీటీ రాస్తారు. ఊరు, పేరు, వయసు, తేదీ, రాసిన వర్కరు నంబరు. ల్యాబులో ఆ పలక చూసి మలేరియా ఉందో లేదో ఆ చీటీ మీదే వేస్తారు. ఆ చీటీలన్నీ నేను కంప్యూటర్లోకి ఎక్కించాలి. ప్రతి శుక్రవారం పొద్దున్న ప్రోగ్రాం నడిపితే, ఏ ఊళ్ళో జ్వరం ఎక్కువగా పెరుగుతోందో వరసగా జాబితా వస్తుంది. దాన్ని పట్టుకుని మందుల జీపూ, దోమల మందు కొట్టేవాళ్ళూ బయల్దేరతారు. జాబితాలో పైనున్న ఊరికి ముందు, కిందున్న ఊరికి తర్వాత. లేని ఊరికి లేదు.

ఆ ప్రోగ్రాం రాసింది శివకుమార్ గారు. విశాఖపట్నం మనిషి. అప్పటికి ముప్పై ఏళ్ళుంటాయేమో. ఎప్పుడూ ఏదో ఒకటి కూనిరాగం తీస్తూ, కుర్చీలో ఒక కాలు మడిచి కూర్చుని, ఒక్కడే పని చేసుకునేవారు. మూడేళ్ళుగా ఆ ప్రోగ్రాంలోకి ఇంకో మనిషి తొంగి చూసింది లేదు. నేనొకసారి చూస్తే నవ్వొచ్చింది. అందులో ఊరి పేరుండే చోటు పేరు ఇడ్లీ. వర్కరు నంబరు పెసరట్టు. వయసు ఉప్మా.

"ఎందుకండీ ఇలా పెట్టారు?" అన్నాను.

"ఈ ఊళ్ళో మంచి టిఫిన్ దొరకదు గాయత్రీ. కనీసం ఇందులోనైనా ఉండనీ" అన్నారు.

అందరం నవ్వుకున్నాం. మా ఆఫీసు పెద్ద డాక్టర్ నిర్మల మేడం కూడా నవ్వారు. ఆవిడ నలభై దాటిన మనిషి. కాటన్ చీర, కాలికి కేన్వాస్ బూట్లు, చేతిలో గొడుగు. కొండెక్కడంలో మా వర్కర్లతో సమానం.

తర్వాతి ఏడాది సెప్టెంబరులో శివకుమార్ గారికి జ్వరమొచ్చింది. మలేరియా ఆఫీసులో మనిషికి మలేరియా రావడమేమిటని మొదటి రోజు ఆయనే జోకులేశారు. మూడోరోజుకి మనుషుల్ని పోల్చుకోలేకపోయారు. జ్వరం మెదడుకెక్కింది. మేడం తనే జీపు వెనక సీట్లో ఆయన తల ఒళ్ళో పెట్టుకుని విశాఖపట్నం తీసుకెళ్ళి ఆస్పత్రిలో చేర్పించారు.

ఆ వారమే కొత్తగా ఇద్దరు వర్కర్లు చేరారు. వాళ్ళ నంబర్లు పది, పదకొండు. పదో నంబరు చీటీ ఎక్కించగానే ప్రోగ్రాం టక్కున ఆగిపోయింది. తెర మీద ఇంగ్లీషులో ఒక్క ముక్క: ఉప్మా దొరకలేదు.

నాకు తెలిసిన తంటాలన్నీ పడ్డాను. మూడేళ్ళ పని నాలుగు వేల వరసలుంది, ఏ వరస ఎందుకుందో ఒక్క ముక్క రాసి లేదు. సెప్టెంబరు అంటే కొండల్లో జ్వరాలు ముమ్మరంగా ఉండే నెల. డిసెంబరు దాకా వారం వారం చీటీలన్నీ నేల మీద పోసుకుని, ఊళ్ళవారీగా కుప్పలు పెట్టి, చేత్తో లెక్క కట్టాం. మేడం, నేను, సుక్రు.

సుక్రు గురించి చెప్పాలి. మా వర్కర్లందరిలోకీ పాతవాడు. అనంతగిరి వైపు కొండల మనిషి, ఏడో తరగతి దాకా చదివాడు. నేను సుక్రన్నా అనేదాన్ని. ఆ చుట్టుపక్కల మూడు వందల ఊళ్ళలో ఏ ఊరికి ఏ వాగు దాటి వెళ్ళాలో, ఎవరి పొలం ఎక్కడో అతనికి తెలుసు. కుప్పలు పెట్టేటప్పుడు నేను చీటీ చదవడం పాపం, "ఇటు కాదమ్మా, అటు" అని తీసి వేసేవాడు. ఎందుకని నేను అడగలేదు. అడిగే తీరికా లేదు.

శివకుమార్ గారికి కాస్త తెరిపినిచ్చిందని తెలిసి మేడమూ నేనూ పాసింజరు రైలెక్కి చూడ్డానికి వెళ్ళాం. మనిషి సగమైపోయారు. మమ్మల్ని చూడగానే అడిగింది ప్రోగ్రాం గురించే. ఆగిపోయిందని నేను నోరు జారాను. ఆయన లేచి కూర్చోబోయారు. "పెసరట్టు... పెసరట్టు ఒక అంకెకే రాశాను... రెండంకెలైతే జరిగిపోతుంది... ఎక్కడ జరిగిపోతుందంటే..." అని ఆగిపోయారు. గుర్తు రాలేదు. కళ్ళు మూసుకుని నుదురు నొక్కుకున్నారు. అయినా రాలేదు. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. "నా బుర్ర పోయింది మేడం" అన్నారు.

మేడం ఆయన చెయ్యి పట్టుకున్నారు. "నీ బుర్ర వస్తుంది శివా. తప్పు అక్కడ లేదు. ఇన్ని ఊళ్ళ బరువు నీ ఒక్కడి బుర్రలో పెట్టి నేను నిశ్చింతగా కూర్చున్నాను చూడు, అదీ తప్పు. ఇంక అలా జరగదు."

తిరుగు రైల్లో ఆవిడ నా ఎదురుగా కూర్చున్నారు. బొర్రా దాటాక "గాయత్రీ, నువ్వు ప్రోగ్రాం రాయడం నేర్చుకుంటావా?" అన్నారు. నేర్చుకుంటానన్నాను. నాకు అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

డిసెంబరుకి శివకుమార్ గారు తిరిగొచ్చారు. జుట్టు పల్చబడింది, నడక నెమ్మదించింది, బుర్ర మాత్రం ఎప్పటిలాగే ఉంది. పాత ప్రోగ్రాంని అప్పటికి ఎలాగో నడిచేలా చేశారు. పాత ప్రోగ్రాంలో సంవత్సరానికి రెండంకెలే ఉండేవి. రెండు వేల సంవత్సరం వస్తే ఎలాగూ చెడుతుంది. కాబట్టి మొత్తం కొత్తగా రాద్దామని మేడం తేల్చారు. ఆయన సగం, నేను సగం. ఊరికి ఊరు అనే పేరు, వయసుకి వయసు అనే పేరు. ఎవరు ఏం మార్చినా, ఎందుకు మార్చారో నల్ల అట్ట పుస్తకంలో తేదీ వేసి రాయాలి. శుక్రవారం జాబితా పంపేశాక, ఆ వారం రాసిందంతా అందరి ముందూ చదవాలి. అందరూ అంటే ల్యాబు వాళ్ళు, ఊళ్ళో ఉన్న వర్కర్లు కూడా.

"వాళ్ళకేం అర్థమవుతుంది మేడం?" అన్నారు శివకుమార్ గారు, ఎగతాళికి కాదు, మామూలుగానే.

"అర్థమయ్యేలా చదువు" అన్నారావిడ.

మొదట్లో నాకు వణుకొచ్చేది. శుక్రవారం సంతరోజు. బయట అల్లం బస్తాలు దించే కేకలు, లోపల నేను నా రాతని తెలుగులో చెప్పుకుంటూ పోవడం. "చీటీ మీద తేదీ లేకపోతే దాన్ని పక్కన పెట్టు. వయసు నూరు దాటితే నన్నడుగు." మెల్లమెల్లగా అలవాటైంది. అలా చదువుతుంటే తప్పులు నాకే దొరికేవి. శివకుమార్ గారు నా రాతలో తప్పు చూపిస్తే మొహం ముడుచుకునేదాన్ని. ఆయన రాతలో నేను చూపించినప్పుడు ఆయన "అరె!" అని నవ్వేవారు. ఆ నవ్వు చూసి నేనూ నేర్చుకున్నాను.

ఆ వేసవిలో ఒక శుక్రవారం, పాత ప్రోగ్రాంలోంచి కొత్తదాన్లోకి ఏమేం తేవాలో చూస్తున్నాం. అందులో ఒక వింత వరస కనిపించింది. చీటీ తెచ్చిన వర్కరు నంబరు ఏడైతే, ఊరు పనసగుడైతే, దాన్ని నూట పన్నెండో నంబరు ఊరికి బదులు నూట పదమూడో నంబరు ఊరిగా లెక్కించు. అంతే. ఎందుకో లేదు.

"ఇదేమిటండీ? చీటీ ఎవరు తెస్తే ఏం, ఊరు ఊరే కదా?" అన్నాను.

శివకుమార్ గారు తల గోక్కున్నారు. "నేనే రాసుంటాను. ఏదో పరీక్షకి పెట్టి తియ్యడం మర్చిపోయుంటాను."

"అయితే తీసేస్తాను."

"తీసెయ్."

ఎవరికైనా సందేహముందా అని మేడం చుట్టూ చూశారు. ఎవరూ మాట్లాడలేదు. తర్వాతి పేజీకి వెళ్ళిపోయాం. నల్ల అట్ట పుస్తకంలో నేనే రాశాను: అక్కర్లేని వరస తీసివేయబడింది.

జులైనుంచి కొత్త ప్రోగ్రామే నడుస్తోంది. ఆగస్టులో ఒక సోమవారం సుక్రు వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. చెప్పులు చేతిలో ఉన్నాయి. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"గాయత్రమ్మా, పనసగుడకి జీపు ఎందుకెల్లలేదు?"

నేను ఫైలు తీశాను. మూడు వారాలుగా జాబితాలో పనసగుడ అన్నిటికంటే పైనుంది. "వెళ్ళింది కదన్నా. మూడుసార్లు వెళ్ళింది. దోమల మందు కూడా కొట్టారు."

"అది కింది పనసగుడ. రోడ్డు పక్కది. నేనంతన్నది మీది పనసగుడ. కొండ మీద, పద్నాలుగు గడప. జ్వరాలన్నీ ఆడ. మూడు వారాల్నుంచి చీటీలు తెత్తనే ఉన్నాను." ఒక్క క్షణం ఆగాడు. "నిన్న భీమన్న పెళ్ళాం కనక సచ్చిపోయింది. ఇద్దరు పిల్లలు దానికి. చిన్నదానికింకా నడక రాలేదు."

జీపు వాళ్ళ రిపోర్టు తీసి చూశాను. వాళ్ళు జ్వరమున్నవాళ్ళ పేర్లు కింది పనసగుడలో పిలిచారు. పలికేవాళ్ళు లేరు. పోడు పనికి వెళ్ళుంటారనుకుని తిరిగొచ్చేశారు. మూడుసార్లూ అంతే.

"చీటీ మీద మీది పనసగుడ అని ఎందుకు రాయలేదన్నా?" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"ఆ ఊరోలు తమ ఊరిని పనసగుడనే అంతారు. కిందోలూ అదే అంతారు. నేను మొదట్లోనే శివకుమార్ బాబుకి సెప్పాను. బాబేమో 'పరవాలేదు, మీదికెళ్ళేది నువ్వొక్కడివే కదా, నీ నంబరుతో కనిపెట్టేస్తాను' అన్నారు. ఏడో నంబరు నాదే కదమ్మా."

అప్పుడు నాకు ఆ వరస కళ్ళ ముందు కనిపించింది. నేను చెరిపేసిన వరస.

విషయం విన్న మేడం ఎవర్నీ ఒక్క మాట కూడా అడగలేదు. ఉన్న మందులన్నీ సర్దించి, ల్యాబు మనుషుల్ని వెంటబెట్టుకుని, సుక్రుతో అప్పటికప్పుడు కొండెక్కేశారు. పద్నాలుగు గడపల్లో పదిహేడుమందికి జ్వరం. ఇద్దర్ని డోలీలో దించి ఆస్పత్రికి పంపారు. ఇంకెవరూ పోలేదు.

ఆవిడ తిరిగొచ్చిన రోజు నేను రాజీనామా కాగితం టేబుల్ మీద పెట్టాను. ఆవిడ దాన్ని చదివి, మడిచి, నా చేతికే ఇచ్చారు. "ముందు కూర్చో. అందర్నీ పిలు" అన్నారు.

అందరం కూర్చున్నాం. "ఎవరు చేశారని నేను అడగను. ఏం జరిగిందో ఎవరికి తెలిసింది వాళ్ళు చెప్పండి" అన్నారు మేడం.

నేను చెప్పాను. ఎందుకుందో తెలీని వరసని, తెలుసుకోకుండా, తీసేశానని.

శివకుమార్ గారు చెప్పారు. "ఎందుకు రాశానో పక్కన ఒక్క ముక్క రాస్తే పోయేది. అర నిమిషం పని. ఆ ఒక్క ముక్క రాయలేదు."

సుక్రు నేల చూస్తూ అన్నాడు. "ఆ రోజు నేనూ ఈడే ఉన్నాను. ఏడో నంబరు అనగానే నా గురించేననుకున్నాను. పనసగుడ అన్నారు. అడుగుదామనుకున్నాను. సదువుకున్నోలు మాటాడుకుంతన్నారు, మద్దిలో నాకేటి తెలుసని... ఊరుకున్నాను."

మేడం కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. "నువ్వు నోరు తెరవబోవడం నేను చూశాను సుక్రూ. గడియారం వైపు చూసి తర్వాతి పేజీకి పదండన్నాను."

ఆ గదిలో అంతవరకూ నేనెప్పుడూ అలాంటి మాటలు వినలేదు. ఒకరి నేరం ఒకరి మీద తొయ్యడం చాలా చోట్ల చూశాను. నలుగురూ ఎవరి వాటా వాళ్ళు ముందుకు తెచ్చి పెట్టడం అదే చూడ్డం. ఏడుపొచ్చింది కానీ, ఏడిస్తే కనక గురించి కాక నా గురించి ఏడ్చినట్టవుతుందని ఆపుకున్నాను.

పై ఆఫీసునుంచి ఉత్తరమొచ్చింది. బాధ్యులెవరో పేరు రాసి పంపమని. మేడం జవాబు నాతోనే టైపు చేయించారు. జరిగిందంతా దాచకుండా రాశారు. పేరు అడిగిన చోట, ఈ మార్పుని మేమందరం కలిసి చదివి ఒప్పుకున్నాం, కాబట్టి ఆఫీసు అధికారిగా బాధ్యత నాది, అని తన పేరు పెట్టారు. ఆవిడకి రావలసిన ప్రమోషను రెండేళ్ళు ఆగిపోయింది. ఆ సంగతి మాకు చాలాకాలం తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

ఆ ఉత్తరం పోస్టు చేసిన మర్నాడు మేడం "పనసగుడ వెళ్దాం, నలుగురం" అన్నారు. శివకుమార్ గారికి కొండెక్కే ఓపిక లేదు. మధ్యలో మూడుచోట్ల కూర్చుని, మొత్తానికి ఎక్కారు.

భీమన్న ఇంటి ముందు కూర్చుని రాగులు చెరుగుతున్నాడు. ముప్పై ఐదేళ్ళ మనిషి. పెద్దపిల్ల చంటిదాన్ని చంకనేసుకుని నిలబడుంది. మేడం నేల మీదే కూర్చున్నారు. ఏం జరిగిందో, ఎవరెవరి వల్ల జరిగిందో, ఉన్నదున్నట్టు చెప్పారు. సుక్రు వాళ్ళ మాటలో మళ్ళీ చెప్పాడు. భీమన్న చేట ఆపలేదు. అంతా విన్నాక తెలుగులోనే అడిగాడు.

"మా ఊరి పేరు ఇంకో ఊరికీ ఉందని మీకు తెలీదా?"

"తెలుసు. తెలిసిన మనిషి మాలోనే ఉన్నాడు. మేం అడగలేదు" అన్నారు మేడం.

భీమన్న నా వైపు చూశాడు. "నువ్వేనా మా ఊరు తుడిసేసిన గుంటవి?"

"నేనే" అన్నాను.

"ఇప్పుడు రాసేవా?"

"రాశాను."

"నాకు సూపించాలి. మీ మిషన్లో మా ఊరుందో లేదో నా కళ్ళతో సూడాలి."

ఆ శుక్రవారం సంతకొచ్చి, సరాసరి మా ఆఫీసుకే వచ్చాడు. నేను తెర మీద చూపించాను. నూట పదమూడు, మీది పనసగుడ, పద్నాలుగు గడప. అతనికి చదువు రాదు. సుక్రుని పిలిచి చదివించుకున్నాడు. "సరే" అని వెళ్ళిపోయాడు. పై శుక్రవారం మళ్ళీ వచ్చాడు. "ఉందా?" అన్నాడు. చూపించాను. ఆ పై శుక్రవారం కూడా. ఎండైనా వానైనా, పన్నెండు మైళ్ళు నడిచొచ్చి ముందు ఊరి పేరు చూసుకునేవాడు. ఆ తర్వాతే సంత. కొన్ని వారాలకి, అతనొచ్చేలోపే నేనే ఒకసారి చూసుకోవడం మొదలుపెట్టాను.

"భీమన్న చేస్తున్న పని అన్ని ఊళ్ళవాళ్ళూ చెయ్యాలి" అన్నారొకరోజు శివకుమార్ గారు.

దాంతో మా జాబితాలో ఉన్న ఊళ్ళ పేర్లన్నీ పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఆఫీసు బయట గోడకి అంటించాం. సంతరోజు సుక్రు పక్కన నిలబడి గట్టిగా చదివేవాడు. పసుపు అమ్ముకోడానికొచ్చినవాళ్ళు, చీపుర్లు తెచ్చినవాళ్ళు ఆగి వినేవారు. "మా ఊరు సెప్పలేదేటి?" అనేవాళ్ళు. "ఆ ఊరు ఇప్పుడు లేదు బావూ, వాగవతలికి మారిపోనారు" అనేవాళ్ళు. రెండు నెలల్లో పదకొండు తప్పులు దొరికాయి. ఒకే పేరున్న జంటలు ఇంకా నాలుగున్నాయి. పుస్తకంలో ప్రతిదాని పక్కనా ఎవరు చెప్పారో, ఎందుకు మార్చామో రాశాం.

శుక్రవారం చదువులో ఇంకో మార్పు కూడా వచ్చింది. ముందు వర్కర్లు మాట్లాడాలి. వాళ్ళందరూ అయ్యాకే మేము. సుక్రు మొదట్లో ఇబ్బంది పడేవాడు. తర్వాత తర్వాత అతన్ని ఆపడం కష్టమైపోయింది. దొంగచీటీలు అతని ఆలోచనే. "మీ మిషన్ని మోసం సేసే సీటీలు నేను రాత్తాను, సూద్దాం" అన్నాడు. తేదీ తప్పు, పేరు తప్పు, ఒకే మనిషికి రెండు చీటీలు, కిందా మీదా ఒకే పేరున్న ఊళ్ళు. అలాంటివి నలభై రాశాడు. వాటికి సరైన జవాబులు చేత్తో లెక్కకట్టి పెట్టుకున్నాం. ప్రోగ్రాంలో ఏ చిన్న మార్పు చేసినా ముందు ఆ నలభై చీటీలు నడపాలి. జవాబులు కలిస్తేనే అసలు చీటీల జోలికి వెళ్ళాలి. మొదటిసారి నడిపినప్పుడు నలభైలో ఆరు తప్పొచ్చాయి. సుక్రు ఆ రోజంతా మీసం దువ్వుకుంటూ తిరిగాడు.

భీమన్న ఏడాది పైగా వచ్చాడు. ఒక శుక్రవారం గోడ దగ్గర ఆగి, జాబితా వైపు కాసేపు చూసి, లోపలికి రాకుండా వెళ్ళిపోయాడు. మరి రాలేదు. మా మీద నమ్మకం కుదిరిందో, విసుగే పుట్టిందో తెలీదు. తర్వాత సంతలో ఎదురైతే పలకరించేవాడు. "పిల్లలు బాగున్నారా?" అని అడిగితే "ఉన్నారు" అనేవాడు. అంతకన్నా ఎక్కువ మాట్లాడుకునే హక్కు నాకుందని నేనెప్పుడూ అనుకోలేదు.

రెండు వేల రెండులో శివకుమార్ గారికి హైదరాబాదులో వేరే ఉద్యోగం వచ్చింది. వెళ్తున్నానని రెండు నెలల ముందే చెప్పారు. చివరి నెల ఆయన్ని కీబోర్డు ముట్టుకోనివ్వలేదు మేము. ఏం మార్చాలన్నా నేనో, కొత్తగా చేరిన ఫల్గుణ అనే కుర్రాడో చెయ్యాలి. ఆయన వెనక కుర్చీలో కాలు మడిచి కూర్చుని, మేం అడిగితేనే నోరు విప్పాలి. ఆఖరి రోజు ఆయన్ని బస్సెక్కించి వచ్చాం. పై శుక్రవారం జాబితా వేళకే వచ్చింది. ఆ సంగతి ఫోన్లో చెబితే "అంతేనా? నన్ను ఒక్కసారి కూడా తల్చుకోలేదా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు, కానీ గొంతులో ఏదో ఉంది.

ఆ ఏదో ఏమిటో నాకు ఆ తర్వాత అర్థమైంది.

నేను రెండు వేల నాలుగులో ఆ ఆఫీసు వదిలి, సీలేరు ప్రాజెక్టు కాలనీ స్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరాను. మేడం రిటైరయ్యారు. సుక్రు మాత్రం అక్కడే ఉన్నాడు. ఇప్పుడతను వర్కర్లకి పెద్ద. రెండు వేల తొమ్మిదిలో, వానలు తగ్గాక, ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది.

"గాయత్రి గారాండీ? నా పేరు సుష్మ. అరకు ఆఫీసులో ప్రోగ్రాం ఇప్పుడు నేను చూస్తున్నానండీ."

నేను లేచి వరండాలోకి వెళ్ళాను. సుష్మ గబగబా చెప్పుకుపోయింది. ఇప్పుడు వర్కర్ల దగ్గర చిన్న సెల్‌ఫోన్లున్నాయట. కొండ మీదినుంచే మెసేజి పంపిస్తారట. చీటీలు ఎక్కించే పనే లేదు. అందుకని చీటీలు చదివే భాగమంతా, అంటే నేను రాసిన సగమంతా, తీసేసి కొత్తగా రాసిందట. నలభై దొంగచీటీలు ఇప్పుడు నూట డెబ్భై అయ్యాయట. అన్నీ సరిగ్గా వచ్చాయట.

"పుస్తకంలో మీ పేరు చాలాచోట్ల ఉందండీ. తొంభై తొమ్మిది ఆగస్టు పేజీ కూడా చదివాను. అందుకే, తీసే ముందు మీకొక మాట చెప్పాలనిపించింది. తియ్యమంటారా?"

ఐదేళ్ళయినా ఆ వరసలు నాకు నోటికొచ్చు. చీటీ మీద తేదీ లేకపోతే దాన్ని పక్కన పెట్టు. వయసు నూరు దాటితే నన్నడుగు. అవన్నీ పోతాయా అనిపించింది.

"నన్నెందుకమ్మా అడగడం? శుక్రవారం అందరి ముందూ చదివావా?" అన్నాను.

"చదివానండీ. సుక్రు గారు రెండుచోట్ల ఆపారు. రెండూ నిజంగా తప్పులే. దిద్దాను."

"ఎందుకు తీస్తున్నావో రాశావా?"

"రెండు పేజీలు రాశానండీ."

"అయితే తీసెయ్" అన్నాను.

థాంక్సండీ అని ఫోన్ పెట్టేసింది. సాయంత్రం శివకుమార్ గారికి ఫోన్ చేసి, ఆయన రాసింది ఇంకా కొంత మిగిలుందనీ, నాది మొత్తం పోయిందనీ చెప్పాను. ఆయన పకపకా నవ్వి, ఆ పిల్ల పేరేమిటని అడిగారు.